నాన్న పేరుమీద పేద బడిపిల్లల కోసం ట్రస్టు పెట్టాలనుకుంటున్నాం, ఎక్కడ మొదలుపెట్టాలి?

ఎమ్మిగనూరు ఆడపడుచు | ఆగస్టు 10

అందరికీ నమస్కారం. మాది కర్నూలు జిల్లా ఎమ్మిగనూరు. నాన్న చేనేత పనివారు. 1938లో మాచాని సోమప్ప గారు పెట్టిన సహకార సంఘానికి నేసేవారు. ఆ మగ్గం మీదే మా ముగ్గురినీ చదివించారు. అక్క టీచరుగా రిటైరై ఊళ్లోనే ఉంది. తమ్ముడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. నేను అమెరికాలో షార్లెట్‌లో ఉంటాను, ఇక్కడి పౌరసత్వం వచ్చింది.

నాన్న పోయిన దగ్గర్నుంచీ ఆయన పేరుమీద ఏదైనా చేయాలని అనుకుంటూనే ఉన్నాం. ముగ్గురం కలిసి ఏడాదికి అయిదారు లక్షలు తీయగలం. కోసిగి, పెద్దకడుబూరు వైపు పల్లెల్లో బడిపిల్లల చదువుకి వాడాలని కోరిక. మావారు ముందు ట్రస్టు రిజిస్టరు చేయించమంటున్నారు. అక్కేమో ముందు బళ్లకెళ్లి చూసొద్దాం అంటోంది. తమ్ముడు బ్యాగులు, నోటుపుస్తకాలు, సైకిళ్లు కొనిస్తే చాలంటున్నాడు. ఇలాంటి పని చేసినవాళ్లు, చట్టం తెలిసినవాళ్లు, ఆ ప్రాంతం తెలిసినవాళ్లు దయచేసి దారి చూపించండి.

పద్దుల పంతులు | ఆగస్టు 10

మేడమ్, విజయవాడలో ఆడిటర్‌గా పనిచేస్తున్నాను. ముందు మీ పాస్‌పోర్టు సంగతి చూద్దాం, మిగతా కథంతా దాన్నిబట్టే నడుస్తుంది.

భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు ఏ దేశంలో ఉన్నా, తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపే డబ్బు విదేశీ విరాళం కాదు. మీరు అమెరికా పౌరులు కాబట్టి మీ డబ్బు విదేశీ విరాళమే. ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులకి ఇచ్చేది) ఉన్నా అంతే. చాలామంది ఇక్కడే పొరబడతారు. ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా మీ ట్రస్టు మీ డబ్బు ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదు.

ఆ రిజిస్ట్రేషన్ కావాలంటే సంస్థ పెట్టి మూడేళ్లు కావాలి, ఆ మూడేళ్లలో అసలు పని మీద కనీసం 15 లక్షలు ఖర్చుపెట్టి ఉండాలి. 2020 సవరణ తర్వాత విదేశీ సొమ్ము ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి. అందులో ఆఫీసు ఖర్చులు 20 శాతం దాటకూడదు. ఆ డబ్బు ఇంకో సంస్థకి ఇవ్వడానికీ లేదు.

ఇంకొక మాట. తోబుట్టువులకి మీరు డబ్బు పంపుకోవచ్చు, ఏడాదికి 10 లక్షల లోపు అయితే ఎవరికీ తెలియజేయక్కర్లేదు. అది వాళ్ల సొంత అవసరాలకి. ట్రస్టు కోసమని తమ్ముడి ఖాతాకి పంపి, ఆయన తన డబ్బుగా ట్రస్టుకి జమ చేస్తే మాత్రం చట్టం కళ్లుగప్పినట్టే. ఎవరు సలహా ఇచ్చినా ఆ పని చేయకండి.

బడిగంట | ఆగస్టు 11

అమ్మా, మీరు చెప్పిన మండలాల్లోనే చాలాకాలం హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యాను. మీ పోస్టు చదివి సంతోషం వేసింది. అటువైపు ఎవరూ చూడరు.

బ్యాగులు కొనకండి. యూనిఫాం, బూట్లు, బెల్టు, బ్యాగు, పుస్తకాలు, నోటుపుస్తకాలు అన్నీ ప్రభుత్వమే ఇస్తోంది. ఇప్పుడు సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర కిట్టు అంటున్నారు. మధ్యాహ్న భోజనం ఉంది. తల్లికి వందనం పథకం కింద బిడ్డకి 13,000 తల్లి ఖాతాలో పడుతోంది. ఇన్ని ఉన్నా దీపావళి దాటాక మా బడిలో బెంచీలు ఖాళీ అయ్యేవి. కారణం సుగ్గి.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. కోసిగి, మంత్రాలయం, పెద్దకడుబూరు, కౌతాళం వైపు వానాధారం చేలు. పంట అయిపోగానే పని ఉండదు. మూటాముల్లె సర్దుకుని ఊరికి ఊరే లారీలెక్కి గుంటూరు వైపు పోతుంది. మొదట పత్తి తీతకి, తర్వాత మిరపకోతకి. దాన్నే సుగ్గికి పోవడం అంటారు. ముసలివాళ్లుంటే బిడ్డని వాళ్ల దగ్గర వదిలిపోతారు, లేకుంటే వెంట తీసుకుపోతారు. పెద్దపిల్ల పసిబిడ్డని చూసుకుంటుంది, కాస్త ఎదిగినవాడు కాయ కోస్తాడు. మళ్లీ ఉగాదికో, ఎండలు ముదిరాకో వస్తారు. అప్పటికి పరీక్షలు. పేరు రిజిస్టరులో ఉంటుంది, చదువు మాత్రం డిసెంబరులోనే ఆగిపోయి ఉంటుంది. రెండేళ్లు ఇలా జరిగితే ఆ పిల్ల తరగతిలో కూర్చోలేదు. సిగ్గుపడుతుంది, మానేస్తుంది.

దీనికోసం ప్రభుత్వ సమగ్ర శిక్ష పథకం కింద సీజనల్ హాస్టళ్లు పెడతారు. తల్లిదండ్రులు వచ్చేదాకా పిల్లలు బడిలోనే తిని, పడుకుని, చదువుకోవాలి. ఆలోచన చాలా మంచిది. మంజూరు ఆలస్యమైతే మాత్రం అప్పటికే లారీ కదిలిపోయి ఉంటుంది. రాత్రి కాపలా ఉండే ఆయమ్మ, సాయంత్రం చదివించే మనిషి లేకపోతే ఏ తల్లీ ఆడపిల్లని వదిలిపెట్టదు. మీ డబ్బు వాడాల్సింది అక్కడ.

రాజంపేట అన్న, కువైట్ | ఆగస్టు 11

అక్కా, మేం ఇక్కడ డ్రైవర్లం, వంటవాళ్లం, సేల్స్‌మెన్‌లం. మా ఊరోళ్లమే కలిసి నెలకి తలా అయిదు దినార్లు వేసుకుంటాం. అందరివీ మన పాస్‌పోర్టులే గనక పద్దుల పంతులు సార్ చెప్పిన ఇబ్బంది మాకు లేదు. ట్రస్టూ గిస్టూ ఏం లేదు. పదో తరగతి పాసైన పిల్లోళ్లకి పాలిటెక్నిక్ ఫీజు, హాస్టల్ ఖర్చు, బస్సు పాసు చూస్తాం.

మా దగ్గర నేర్చుకోవాల్సింది ఒకటే. ఒకటో తారీకున వాట్సాప్ గ్రూపులో లెక్క పడాల. ఎవరు ఎంత వేశారు, ఎవరికి ఎంత పోయింది, రసీదు ఫొటో. సొంత అన్నదమ్ములైనా సరే పెట్టాల్సిందే. డబ్బు దగ్గర మాట వచ్చిందంటే మంచి పని ఆగిపోతుంది, మనుషులూ దూరమైపోతారు. ఒకరి ఖాతాలో పెట్టినాం గనక, ఆయన ఊరికి వెళ్లిపోతే ఏంది అన్న టెన్షన్ మాకెప్పుడూ ఉంటుంది. మీకు వీలున్నప్పుడు ట్రస్టు పెట్టుకోవడమే మేలు.

తార్నాక | ఆగస్టు 12

నా మాట కటువుగా ఉంటే క్షమించండి. ప్రతి ఇంటికీ ఒక ట్రస్టు ఎందుకు? పిల్లలని పనిలోంచి బడికి తెచ్చే విద్యలో ఏళ్ల తరబడి ఆరితేరినవాళ్లు ఉన్నారు. సికింద్రాబాదులో ఎంవీ ఫౌండేషన్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. బ్రిడ్జి కోర్సు క్యాంపులు పెట్టి, బడి మానేసిన పిల్లలని కొన్ని నెలల్లో వాళ్ల వయసు తరగతికి సిద్ధం చేసి పంపిన వాళ్లు. ఆ అయిదు లక్షలు అలాంటి వాళ్ల చేతిలో పెడితే ఆడిటు ఖర్చు, రిజిస్ట్రేషన్ తిప్పలు తప్పుతాయి. ఆ మేరకు పిల్లలకి ఎక్కువ అందుతుంది.

ఎమ్మిగనూరు ఆడపడుచు | ఆగస్టు 12

తార్నాక గారూ, మీ మాటలో న్యాయం ఉంది. ఎంవీ ఫౌండేషన్ గురించి చదివాను. అదీ ఒక ఇంట్లోంచి పుట్టిందే కదండీ. ఆచార్య మామిడిపూడి వెంకటరంగయ్య గారి స్మృతికి 1981లో పెట్టారు. ఆయన మనవరాలు శాంతా సిన్హా గారు బాలకార్మికుల పని భుజాన వేసుకున్నది ఆ తర్వాత పదేళ్లకి. ఆమెకి మెగసెసే అవార్డు వచ్చింది 2003లో. వాళ్లంతటివాళ్లం అవుతామని నేను అనడం లేదు. ఒక కుటుంబం పట్టుదలగా కూర్చుంటే పని పెరుగుతుందని మాత్రం నమ్ముతున్నాను.

మాకు అక్క ఉంది. ఆ పల్లెల్లో ముప్పాతికమందికి ఆమె టీచరమ్మ. కోసిగి వైపు చాలా ఇళ్లలో కన్నడం మాట్లాడతారు, అక్కకి ఆ భాష వచ్చు. తల్లి దగ్గర కూర్చుని బిడ్డని వదిలిపొమ్మని అడగడానికి ఆ మాట కావాలి. ఆమె ఓపికగా తిరగగలిగిన ఈ కొద్ది సంవత్సరాలు వృథా కాకూడదు. ఇంకో ఆశ కూడా ఉంది. ఇక్కడ పుట్టిన నా పిల్లలకి తాతగారి ఊరంటే ఒక పని ఉండాలి, సెలవులకి వెళ్లి చుట్టాల ఇళ్లలో భోంచేసి రావడమే కాకుండా.

బడిగంట గారూ, సుగ్గి అనే మాట చిన్నప్పుడు వింటూ పెరిగాను. మా వీధిలోంచి ఆ లారీలు పోయేవి. అందులో నా ఈడు పిల్లలుండేవాళ్లని మీ పోస్టు చదివాక గుర్తొచ్చి నిద్రపట్టలేదు.

ఎడిసన్ బాబాయ్ | ఆగస్టు 13

అమ్మాయ్, న్యూజెర్సీలో ఇలాంటి సంస్థ ఒకటి నడుపుతున్నాం. అమెరికా వైపు సంగతి చెబుతాను.

నువ్వు ఇండియాలోని ట్రస్టుకి నేరుగా ఇస్తే ఇక్కడ పన్ను మినహాయింపు రాదు. అక్కడ దాతల పన్ను రాయితీకి వాళ్లిచ్చే 80జీ రసీదు ఇక్కడ పనికిరాదు. మినహాయింపు కావాలంటే 501(సీ)(3) గుర్తింపు ఉన్న సంస్థకి ఇవ్వాలి. చిన్న సంస్థ, ఏడాది రాబడి 50,000 డాలర్లు దాటదు అనుకుంటే ఫారం 1023-ఈజెడ్ సరిపోతుంది, ఫీజు 275 డాలర్లు. పెద్ద ఫారం అయితే 600. దరఖాస్తు ఏమంత కష్టం కాదు. కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. డబ్బంతా ఒకే ఇంటి నుంచి వస్తే ఇక్కడి పన్నుల శాఖ ఐఆర్ఎస్ దాన్ని ప్రైవేట్ ఫౌండేషన్‌గా చూస్తుంది. అప్పుడు పెట్టుబడుల ఆదాయం మీద 1.39 శాతం పన్ను, ఏటా ఆస్తిలో సుమారు 5 శాతం పంచాల్సిన నియమం, పరాయి దేశానికి ఇచ్చే ప్రతి గ్రాంటుకీ అదనపు కాగితాలు. అయిదారు లక్షల రూపాయల పనికి అంత బరువు ఎత్తుకోవద్దు.

కాబట్టి ఇప్పటికి నీ వాటా ఇక్కడే ఉన్న మంచి సంస్థ ద్వారా వెళ్లనీ. 1991లో బర్కిలీలో విద్యార్థులు మొదలుపెట్టిన ఆశా ఫర్ ఎడ్యుకేషన్ ఉంది, వాలంటీర్లే నడుపుతారు, చాప్టర్లు ఒక్కో ప్రాజెక్టునీ చూసుకుంటాయి. కర్నూలు పడమటి వైపు పని ఏదైనా తీసుకుంటారేమో అడుగు. మీ కంపెనీ మ్యాచింగ్ ఇస్తుందా, అంటే నువ్వు ఇచ్చినంత తనూ కలుపుతుందా? ఇస్తే నీ డాలరు రెండవుతుంది. హెచ్ఆర్ సైట్‌లో ఓసారి చూడు, చాలామంది ఏళ్లకేళ్లు వదిలేస్తున్నారు.

ఒంగోలు శ్రీను | ఆగస్టు 13

నాదొక సలహా. తెలివైన పిల్లలని ఓ పదిమందిని ఏరి మంచి ప్రైవేటు ఇంగ్లీషు మీడియం స్కూల్లో ఫీజు కట్టి చేర్చండి. ఫలితం కళ్లకి కనబడుతుంది.

బడిగంట | ఆగస్టు 13

శ్రీను గారూ, దీనికి నేను ఒప్పుకోలేను. పదిమందిని ఏరితే మిగిలిన బడి ఏమవుతుంది? బాగా చదివేవాళ్లు పోయాక తరగతిలో పోటీ పోతుంది, సంఖ్య తగ్గితే టీచరు పోస్టూ పోతుంది. ప్రైవేటు బడే కావాలంటే విద్యాహక్కు చట్టం కింద ఒకటో తరగతిలో 25 శాతం సీట్లు పేదపిల్లలకి ఉన్నాయి. ఆన్‌లైన్ దరఖాస్తు పెట్టించండి చాలు, ఫీజు మీరు కట్టక్కర్లేదు.

తెలివైన పిల్లల కోసం అంతకంటే మంచి దారి ఎన్ఎంఎంఎస్ అనే కేంద్ర స్కాలర్‌షిప్. ఎనిమిదో తరగతిలో పరీక్ష. ఏడులో 55 శాతం మార్కులు ఉండాలి, ఎస్సీ ఎస్టీలకి 50. ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షల లోపు. పాసైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా ఏటా 12,000, అంటే మొత్తం 48,000 కేంద్రం ఇస్తుంది. ప్రభుత్వ, జడ్పీ, ఎయిడెడ్ బడుల పిల్లలకే ఇది, గురుకులాల్లో ఉచితంగా ఉండే పిల్లలకి వర్తించదు. 90 ప్రశ్నలు మేధాశక్తివి, 90 పాఠాలవి. లెక్కలోనూ తర్కంలోనూ అలవాటు లేక మన పిల్లలు పోగొట్టుకుంటారు. సాయంత్రాలు ఒక డిగ్రీ కుర్రాడు కూర్చుని పాత పేపర్లు చేయిస్తే చాలా తేడా వస్తుంది.

పాసయ్యాక ఇంకో గండం ఉంది. ఒక పిల్ల పేరు బడి రిజిస్టరులో హనుమంతమ్మ, ఆధార్‌లో హనుమక్క, బ్యాంకు పుస్తకంలో బి. హనుమంతి. మూడూ ఒకే పిల్ల. పోర్టల్ మాత్రం ముగ్గురనుకుంటుంది, డబ్బు రాదు. తండ్రి కూలి మానుకుని ఆధార్ సెంటరు చుట్టూ ఎన్నిసార్లు తిరుగుతాడు? ఈ పేర్లు సరిచేయించడం, ఆదాయ ధ్రువపత్రం తెప్పించడం, ఖాతాకి ఆధార్ లింకు చేయించడం, ఇదే పనిగా ఒక మనిషిని పెట్టి చేయించినా అదో గొప్ప సేవ.

కోవెలకుంట్ల కోడలు | ఆగస్టు 14

ఆడపిల్లల సంగతి విడిగా చూడండి వదినా. మగపిల్లాడు మానేస్తే పనికి పోతాడు, ఎప్పుడైనా తిరిగి రావచ్చు. ఆడపిల్ల ఒకసారి మానేస్తే పెళ్లే. ఆరు, ఏడు తరగతుల్లో పెద్దమనిషైనప్పుడు ఒకసారి, పదో తరగతి అయ్యాక ఇంకోసారి ఆ ప్రమాదం వస్తుంది. కస్తూర్బా విద్యాలయాల్లో ఆరో తరగతి నుంచి ఉచితంగా ఉంచుకుంటారు, ఇంటర్ కూడా ఉంది. దరఖాస్తులు ఎండాకాలంలో వస్తాయి, అప్పుడు అమ్మానాన్నలు సుగ్గిలో ఉంటారు! ఎవరు పెట్టాలి దరఖాస్తు? మీ అక్క గారు ఆ నెలల్లో ఐదో తరగతి ఆడపిల్లల జాబితా పట్టుకుని కూర్చుంటే ఎంతమందికి దారి దొరుకుతుందో. పైసా ఖర్చు లేదు దీనికి.

తల్లులని పిలిచి మాట్లాడేటప్పుడు పెళ్లి మాట ఎత్తకండి. “నర్సు అవుతుంది, నీ ఇంటి దగ్గరే ఉద్యోగం వస్తుంది” అని చెప్పండి, వింటారు.

పాలమూరు బిడ్డ | ఆగస్టు 15

సుగ్గి అని మీరు రాసినదాన్ని మా దగ్గర వలస అంటారు. మా అమ్మానాన్నలు బొంబాయి వైపు మట్టిపనికి పోయేవాళ్లు. నేను మా అవ్వ దగ్గర ఉండి, ఆ తర్వాత ఎస్సీ హాస్టల్లో ఉండి చదువుకున్న. ఇంటర్‌లో ఎవరో నాకు నెలనెలా డబ్బు పంపించారు. ఎవరో ఇప్పటికీ తెల్వదు. మా లెక్చరర్ ద్వారా వచ్చేది. పాస్‌బుక్కులో ఒక లైను, అంతే.

ఇంకోసారి ఒక పెద్దాయన మా హాస్టల్‌కి దుప్పట్లు ఇచ్చిండు. ఎండలో వరసగా నిలబెట్టి, ఒక్కొక్కరం దుప్పటి పట్టుకుని ఆయన పక్కన ఫొటో దిగాలె. దుప్పటి వెచ్చగానే ఉండె. ఆ ఫొటో పేపర్ల వచ్చినప్పుడు మాత్రం నా దోస్తు ఒకడు రెండు రోజులు క్లాసుకి రాలె.

మీరు మీ నాన్న పేరు పెట్టుకోండి, మంచిదే. పిల్లల మొహాలు మాత్రం ఫేస్‌బుక్‌ల పెట్టకండి మేడమ్. పేదరికం వాళ్ల సొంత విషయం. ఇచ్చిందానికి బదులుగా ఉత్తరం రాయమని, థాంక్స్ చెప్పమని అడగకండి. ఎట్ల చదువుతున్నవ్, ఏం ఇబ్బంది ఉంది అని నెలకోసారి ఫోన్ చేసి అడిగే మనిషి ఉంటే చాలు. నాకు డబ్బు కంటే ఆ లెక్చరర్ అడిగిన మాటలే ఎక్కువ పనికొచ్చినయ్. ఇంకోటి, పట్టుకున్న పిల్లని మధ్యల వదలొద్దు. పదిమందిని ఒక ఏడాది కాదు, ఇద్దరినైనా చివరిదాకా.

జగన్నాథపురం | ఆగస్టు 16

“చివరిదాకా” అన్నారు కాబట్టి మా కాకినాడ సంగతి ఒకటి చెప్పాలి. మల్లాడి సత్యలింగం నాయకర్ గారు పేదింట్లో పుట్టి రంగూన్ వెళ్లి, కూలిపనితో మొదలై, ఓడరేవులో పెద్ద వ్యాపారి అయ్యారు. పోతూపోతూ ఆస్తి ధర్మానికి రాసేశారు. ఆ ఎంఎస్ఎన్ ఛారిటీస్ బళ్లల్లో మా ఇంట్లో మూడు తరాలు చదువుకున్నాం. ఆయన సముద్రం దాటి సంపాదించిన డబ్బు ఆయన పోయి వందేళ్లు దాటినా పిల్లలకి అందింది అంటే, అది ఏ పనికో, ఎలా నడవాలో కాగితం మీద పెట్టినందుకే.

మీరూ ట్రస్టు డీడ్ రాయించేటప్పుడు “విద్యాభివృద్ధి” అని ఒక్క ముక్క రాసి వదలకండి. ఏ మండలాలు, ఎలాంటి పిల్లలు, మీ తర్వాత ట్రస్టీలు ఎవరు, బయటివాళ్లు ఎంతమంది ఉండాలి, అన్నీ రాయండి. కుటుంబంలో వాళ్లే అందరూ ఉంటే రేపు మనస్పర్థలొస్తే పని ఆగుతుంది.

పద్దుల పంతులు | ఆగస్టు 16

పై మాట అక్షరాలా నిజం. మీకు సొసైటీ కంటే ట్రస్టే నయం. సొసైటీకి 2001 చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులు కావాలి, ఏటా సర్వసభ్య సమావేశం పెట్టాలి. ట్రస్టు డీడ్ సబ్ రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టరు చేయించి, పాన్ తీసుకుని, ఆదాయపన్ను శాఖలో నమోదు చేయించాలి. ఇన్నాళ్లూ 12ఏబీ (ట్రస్టు ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ అంటున్నవి అవే. కొత్త ఆదాయపన్ను చట్టం 2026 ఏప్రిల్ నుంచి అమలు, దాంట్లో సెక్షన్ నంబర్లు వేరు, కంగారుపడకండి. మొదట మూడేళ్లకి తాత్కాలికంగా ఇస్తారు.

మీ లెక్కకి ఒక దారి కనబడుతోంది. మీ అక్క, తమ్ముడు, భారత పాస్‌పోర్టు ఉన్న మీ దాయాదులు కలిసి ఏడాదికి 5 లక్షలు ట్రస్టు ద్వారా ఖర్చుపెడితే మూడేళ్లకి 15 లక్షలు అవుతాయి. అప్పుడు ఎఫ్‌సీఆర్‌ఏకి అప్లై చేయడానికి అర్హత వస్తుంది. అంతవరకు మీ డబ్బు ఎడిసన్ బాబాయ్ గారు చెప్పిన దారిలో వెళ్లనివ్వండి. ప్రతి ఖర్చుకీ బిల్లు, వీలైనంతవరకు బ్యాంకు ద్వారానే.

ఎమ్మిగనూరు ఆడపడుచు | ఆగస్టు 19

నిన్న ముగ్గురం వీడియో కాల్‌లో ఈ పోస్టులన్నీ చదువుకున్నాం. తమ్ముడు సైకిళ్ల మాట వదిలేశాడు. ట్రస్టు డీడ్ ముసాయిదా రాయించే పని వాడిది. ట్రస్టీలుగా వాడు, అక్క, బయటినుంచి ఇద్దరు ఉంటారు, అందులో ఒకరు ఆ మండలంలో పనిచేసిన టీచరు అయితే బాగుంటుందని అక్క అంటోంది. నేను ట్రస్టీగా ఉండను, మా కంపెనీ మ్యాచింగ్ ఇస్తుందని తెలిసింది, ఆ దారి చూస్తాను. ఫొటోలు పెట్టకూడదని, ఒప్పుకున్న పిల్లని ఇంటర్ దాకా వదలకూడదని డీడ్‌లోనే రాయిస్తున్నాం. పాలమూరు తమ్ముడూ, ఆ రెండు వాక్యాలూ నీవే.

మొదటి ఏడాది రెండే పనులు. ఒక ఊరి బడిలో సుగ్గికాలం ఆయమ్మ, చదివించే మనిషి. ఇంకోటి ఎన్ఎంఎంఎస్ సాయంత్రం క్లాసులు, దాంతోపాటు ఆధార్ పేర్ల సవరణ. బడిగంట గారూ, అక్క ఎప్పుడు బయల్దేరాలి? ముందు ఎవరిని కలవాలి?

బడిగంట | ఆగస్టు 19

సెప్టెంబరులోనే రమ్మనండి, దసరా దాటనివ్వకండి. దీపావళి నుంచి ఇళ్లకి తాళాలు పడతాయి. ముందు హెడ్మాస్టరుని, మండల విద్యాధికారి (ఎంఈవో) గారిని కలిసి సీజనల్ హాస్టల్ ఏ బడికి వస్తోందో కనుక్కోవాలి. వచ్చే చోట మీరు దానికి తోడుగా ఉండండి, పోటీ పెట్టకండి. స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో తల్లులుంటారు, ఆ సమావేశంలో అక్క గారు కన్నడంలో మాట్లాడితే సగం పని అక్కడే అవుతుంది. ఆయమ్మగా ఆ ఊరి మనిషినే పెట్టండి, పిల్లల తల్లులకి తెలిసిన మనిషి అయి ఉండాలి. సుగ్గికి కూలీలని తీసుకుపోయే మేస్త్రీ ఎవరో కూడా కనుక్కోండి. ఏ ఇల్లు ఎప్పుడు కదులుతుందో, ఏ బిడ్డని వెంట తీసుకుపోతున్నారో ఆయనకే ముందు తెలుస్తుంది.

టీచరు ట్రస్టీ కావాలన్నారు. నాకు ఓపిక ఉంది, ఆ ఊళ్లూ తెలుసు. అక్క గారికి అభ్యంతరం లేకపోతే నా నంబరు మీకు విడిగా పంపుతాను.